రొయ్యల పకోడీలో బలమెంత

తాలూకా పోటీల్లో కల్మల జట్టును ఓడించిన రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. వాళ్ళు చేలగట్ల మీద ఉరికి పెరిగిన పిల్లలు. మేమేమో కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు కాలనీలో, క్వార్టర్ల మధ్య సందుల్లో ఆడుకున్న పిల్లలం. ఖో-ఖోలో వాళ్ళ మీద గెలుస్తామని మా పీటీ మాస్టారే అనుకోలేదు. ఓడిపోయాక మమ్మల్ని ఓదార్చడానికని పాపం ముందే పల్లీపట్టీలు కొని సంచిలో పెట్టుకున్నాడు. ఆ పల్లీపట్టీలు గెలిచి తిన్నాం! ఆ తర్వాత జిల్లా కూడా గెలిచాం. ఇక మిగిలింది గుల్బర్గాలో డివిజన్ పోటీలు. రాయచూరు స్టేషనులో రైలెక్కాలి, రెండు రాత్రులు అక్కడి బడిలోనే పడుకోవాలి, పసుపు రంగు కొత్త బనియన్ల మీద నంబర్లు కుట్టించుకోవాలి. నా నంబరు నాలుగు. కుట్టించకముందే దాన్ని నా నోటుపుస్తకాలన్నింటి మీదా రాసేసుకున్నాను.

పద్నాలుగేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద సంగతి ఇంకేముంటుంది? ఇంట్లో, బడిలో, కొళాయి దగ్గర, ఎక్కడ చూసినా అదే మాట నాది. వినేవాళ్ళకు చెవులు చిల్లులు పడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం గ్రౌండులో పడిపోయాను.

ప్రాక్టీసులో వరసగా మూడోసారి ఉరుకుతున్నాను. ప్లాంటు పొగగొట్టాలు రెండూ ఒకదాని మీదికి ఒకటి వంగినట్టు కనిపించాయి. అరే, అనుకునే లోపల కళ్ళకు చీకట్లు కమ్మాయి. తెరిచేసరికి మాస్టారి ముఖం, దాని చుట్టూ జట్టు మొత్తం.

"ఏనాయ్తమ్మా? తిండి తిందియా ఇల్వా?" ఏమైంది, తిన్నావా లేదా అని కన్నడంలో గాభరాగా అడిగాడు ఆయన.

తిన్నాను. రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, శుభ్రంగా తినే వచ్చాను. అదే చెప్పాను. కానీ నా పక్కనున్న స్నేహితురాలు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, "పోయిన వారం కూడా పడబోయింది సార్, గోడ పట్టుకుని నిలబడింది" అనేసింది. మాస్టారు ఆలోచించలేదు. డాక్టరు ఆడొచ్చని కాగితం రాసిస్తేనే గుల్బర్గా, లేకపోతే నా చోట్లో ఎనిమిదో తరగతి పిల్ల వస్తుందని అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ ఎనిమిదో తరగతి పిల్ల అక్కడే నిలబడి వింటోంది. సంతోషం దాచుకోవడం కూడా చేతకాలేదు దానికి. దాన్ని నమిలి మింగేయాలనిపించింది.

మా అమ్మ రాయచూరులో బడి పంతులమ్మ. పొద్దున మొదటి బస్సుకు వెళ్ళి చీకటిపడే వేళకు వచ్చేది. నాన్న ప్లాంటులో షిఫ్టు మనిషి. కాబట్టి ఇంట్లో అంతా అవ్వ రాజ్యం. అవ్వ అంటే నాన్నవాళ్ళమ్మ. రాయచూరు పాతపేటలో పుట్టి, అక్కడే కాపురం చేసి, నాన్నకు క్వార్టరు వచ్చాక మాతోపాటు కాలనీకి వచ్చింది. ఆమె మాటలో సగం తెలుగు, మిగతా సగాన్ని ఉర్దూ, కన్నడం పంచుకునేవి. పొద్దున లేస్తే చాయ్, రొట్టె తింటే చాయ్, తలనొప్పి వస్తే చాయ్, తగ్గితే చాయ్. నాకు పాలు మాన్పించిన చేత్తోనే చాయ్ అలవాటు చేసింది. మర్నాడు నన్ను కాలనీ దవాఖానకు తీసుకెళ్ళింది కూడా ఆమే.

అక్కడి డాక్టరమ్మ కర్నూలు వైపు మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. నా కింది కనురెప్పను వేలితో లాగి చూసింది, రక్తం తీయించింది, వచ్చిన అంకె కింద ఎర్ర గీత గీసింది.

"రక్తం బాగా తక్కువుంది. ఇనుము మాత్రలు రాస్తున్నా, రోజుకొకటి. మాంసం, చేప, గుడ్డు, ఆకుకూర, ఏది దొరికితే అది పెట్టండి. మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తా."

"ఆడొచ్చని రాసిస్తారా మేడమ్?" అన్నాను. పోటీలకు ఇంకా ఏడు వారాలున్నాయి.

"రాసేది నేను కాదు, నీ రక్తం. పెరిగితే రాస్తా, పెరక్కపోతే నువ్వు ఏడ్చినా రాయను."

అవ్వకు తల కొట్టేసినట్టయింది. దారిపొడవునా కనిపించిన ప్రతి మనిషినీ ఆపి చెప్పింది. "ఖూన్ తక్కువంట! చెప్పరాదె, మా ఇంట్ల తిండికి తక్కువుందా? నేను పిల్లకు పెడ్తలేనా?" నేను ముందు నడిచాను, ఆమెతో సంబంధం లేనట్టు.

ఆమె చెప్పిన వాళ్ళలో పక్క క్వార్టరు పిన్నిగారు కూడా ఉంది. వాళ్ళది గోదావరి జిల్లా. వాళ్ళాయన బాయిలరు సెక్షనులో పనిచేసేవాడు. మావైపు అయితే చిన్నమ్మ అని పిలవాలి. కానీ ఆవిడ మొదటి రోజే "నన్ను పిన్నిగారూ అను అమ్మడూ, వినడానికి ఇంపుగా ఉంటుంది" అని ఖాయం చేసేసింది. సంగతి వినగానే చేతులు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చేసింది.

"రొయ్యలు పెట్టండి మామ్మగారూ! మావైపు బాలింతకి రొయ్యలే, జబ్బుపడి లేచినోళ్ళకి రొయ్యలే. ఒంటికి ఎంత బలవనుకున్నారు! ఉత్తినే పెడితే పిల్ల తినదేమో, నేను పకోడీ వేసి పెడతాను కదా. కూరగాయలు కూడా వేసేస్తానండీ, రెండూ కలిపి ఒంట్లోకెళ్ళిపోతాయి."

అవ్వ ముఖం చూడాలి. మేక తలకాయ కూర ఒంటి చేత్తో దించే మనిషి, రొయ్య పేరు వింటే మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. కృష్ణలో చేపలు పట్టే బెస్తవాళ్ళ గంపల్లో చిన్న చిన్న నది రొయ్యలు కూడా వచ్చేవి. మావైపు వాళ్ళు చేపలు ఏరుకుని వాటిని వదిలేసేవాళ్ళు. కాలనీలో ఆ రొయ్యల కోసం సంబరంగా మెట్లు దిగేది ఒక్క పిన్నిగారే.

"అవి పురుగులమ్మా," అంది అవ్వ. "మా రాయచూర్ల ఎవ్వరు ముట్టరు. పిల్లకు తాఖత్ రావాలంటె పురుగులు తినాల్నా?"

"నేను తింటా!" అన్నాను. అవ్వ నోరు తెరిచేలోపే రెండోసారి అన్నాను. గుల్బర్గా కోసమైతే నిజం పురుగులైనా తినేదాన్ని ఆ రోజు.

ఆ ఆదివారం పిన్నిగారి వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఆవిడ రొయ్య తల గిల్లి, పొట్టు ఒక్క లాగుతో తీసి, వీపులోని నల్లటి దారాన్ని సూదిమొనతో పైకి లేపేది. నేను ఒకటి ఒలిచేలోపు ఆవిడ పది ఒలిచేది. వాటికి పసుపూ ఉప్పూ రాసి, మూడు నీళ్ళు కడిగి, గట్టిగా పిండింది. నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, తురిమిన క్యారెట్టు, మెంతికూర, పచ్చిమిర్చి, అల్లం. వాటిలో ఉప్పేసి పిసికితే ఉల్లిపాయే తన నీళ్ళు తాను వదిలింది. ఆ తడిలోనే రొయ్యలు, శెనగపిండి. చివర్లో ఒక గుప్పెడు జొన్నపిండి.

"ఇది మాత్రం ఈ ఊరొచ్చాకే నేర్చుకున్నానమ్మడూ. బియ్యప్పిండి కంటే ఇదే కరకరలాడుతుంది. మా అమ్మకి చెబితే నమ్మలేదు."

నూనె కాగింది. పిండిని విడివిడిగా రాల్చగానే మూకుడు ఒక్కసారి చర్రుమంది. బూడిద రంగులో ఉన్న రొయ్యలు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. నాకదో ఇంద్రజాలం! ఎర్రటిది తింటే ఎర్రటి రక్తం రాక ఇంకేమొస్తుంది? మొదటి పకోడీ నోట్లో పెట్టుకున్నప్పుడు నాలుక కాలింది, అయినా ఉమ్మలేదు. పైన కరకర, లోపల తీపి తీపిగా, ఒక కొత్త రకం తీపి. మెంతికూర చేదు మధ్యలో తగిలి పోయేది. మా ఇంట్లో పద్నాలుగేళ్ళుగా ఇది పురుగా? అవ్వ మీద కోపం వచ్చేసింది నాకు.

అవ్వేమో మా గుమ్మంలో గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నోరు కడుక్కో ఫస్టు. ఇగ చాయ్ తాగు. మంచిగ గట్టిగ కాసిన. గా పురుగుల వాసన పోవాలె, కడుపుల అన్ని సచ్చిపోవాలె."

తాగాను. పకోడీ మీద చాయ్ పడితే ఆ సుఖమే వేరు కదా. ఆ పూటతో అదే పద్ధతి అయిపోయింది. వారానికి మూడుసార్లు పిన్నిగారింట పకోడీ, వెంటనే గుమ్మంలో అవ్వ చాయ్. మాత్రల సంగతి కూడా అంతే. తుప్పు పట్టిన మేకును నాకినట్టుండేది ఆ రుచి. మంచినీళ్ళతో మింగితే వాంతి వచ్చినంత పనయ్యేది. "చాయ్‌తో ఏసుకో, గొంతుల ఎర్కనే గాదు" అని అవ్వ రోజూ పొద్దున దగ్గరుండి మింగించేది. మా ఇంట్లో ఏ మాత్రయినా అంతే. జ్వరం మాత్ర, నులిపురుగుల మాత్ర, అన్నీ చాయ్‌తోనే కడుపులోకి దిగాయి.

ఆ మూడు వారాలు ఎంత హుషారుగా గడిచాయో! సైన్సు పుస్తకంలో ఆహారం పాఠం తీసి, రొయ్యల్లో ఏముంది, శెనగల్లో ఏముంది, క్యారెట్టులో ఏముంది అని వెతికి రాసుకున్నాను. మాంసకృత్తులు ఇక్కడివి, సున్నం అక్కడిది, ఇనుము ఇన్ని చోట్ల నుంచి. ఒక్క పకోడీలో పాఠమంతా ఉంది! రోజూ అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకునేదాన్ని. ఎర్రగానే కనిపించేది. ఉండాలనుకుంటే ఎందుకు కనిపించదు? ప్రాక్టీసుకు రానివ్వకపోయినా గ్రౌండు చుట్టూ తిరిగి, ఆ ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర ఆగి, "నీ నంబరు ఇంకా కుట్టించుకోకు" అని చెప్పి వచ్చాను. నా నోటిదూల అలాంటిది.

రెండోసారి దవాఖానకు నడిచి కాదు, ఉరికి వెళ్ళాను. డాక్టరమ్మ కాగితం చూసింది, పాత కాగితం చూసింది, రెంటినీ పక్కపక్కన పెట్టింది.

"మాత్రలు పారేస్తున్నావా?"

"లేదు మేడమ్!"

"మరి ఇదేంది? ఎక్కడిదక్కడే ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇట్లాగైతే నేను ఆడమని రాయలేను."

ఏడవకూడదని పళ్ళు బిగించాను. నా బదులు అవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది.

"డాక్టరమ్మా, పిల్ల మీద నింద ఎయ్యకు. నా కండ్ల ముంగట మింగింది. ఒక్క దినం తప్పలే. నేనే చాయ్ కాసి, నేనే నోట్ల ఏసిన."

"చాయా?"

"చాయ్‌తోనే కదా ఏసేది!"

డాక్టరమ్మ పెన్ను మూతపెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. పకోడీల సంగతి వచ్చింది. పకోడీల మీద చాయ్ సంగతి వచ్చింది. రొట్టె మీద చాయ్ కూడా వచ్చింది. విని విని నుదురు కొట్టుకుంది. చాయ్‌లో ఉండే వగరు కడుపులో ఇనుమును పట్టేసుకుంటుందట, ఒంటికి అంటనివ్వదట. మాత్రకైనా, తిండికైనా అంతే.

"బూడిదలో పోసిన పన్నీరు చేశారు కదమ్మా మాత్రలన్నీ. నిమ్మనీళ్ళతో మింగించండి. పులుపు తోడుంటే ఇనుము బాగా వంటబడుతుంది. చాయ్ తాగాలంటే తిండికీ మాత్రకీ రెండు గంటల ఎడం ఉండాల. ఇక ఆ పకోడీ. రొయ్యలో మాంసకృత్తులు మస్తుగా ఉంటాయి, కాదనను. ఇనుము మాత్రం మీరనుకున్నంత లేదు. ఆ పకోడీలో ఉన్న ఇనుము సగానికి సగం శెనగపిండిదీ మెంతికూరదీ. నూనె సంగతి నేను చెప్పనక్కర్లేదు. రొయ్యలు కూర వండుకోండి. పకోడీ వారానికొకసారి చాలు. మేక కార్జం దొరికితే అది పెట్టండి."

చివరి మాటకు అవ్వ ముఖం వెలిగింది గానీ, ఎంతోసేపు నిలవలేదు. గది బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. "నా చేత్తోనే," అంది. "నేనే ఏసిన కదనే, నా చేత్తోనే." అంత గట్టి మనిషి అట్లా అంటుంటే నాకేం చేయాలో తోచలేదు. నిజం చెప్పాలంటే ఓదార్చలేదు కూడా. మూడు వారాలు పోయాయి, ఇంకా నాలుగే ఉన్నాయి అని లోపల లెక్క వేసుకుంటూ నిలబడ్డాను.

ఇంటికి రాగానే అవ్వ చాయ్ పత్తి డబ్బా తీసుకెళ్ళి పిన్నిగారి చేతిలో పెట్టింది. "గంటల లెక్క నాకు తెల్వది. రెండు గంటలు, మూడు గంటలు అని ఎవరు చూస్తరు? మా ఇంట్ల చాయ్ మొత్తమే బంద్. పిల్ల తాగదు, నేనూ తాగ. పిల్లకు బంద్ పెట్టి నేను గుటకలేస్తే అది చూస్త కూసుంటదా?"

పిన్నిగారి బాధ వేరు. "రొయ్యలో ఇనుము లేదందా? డాక్టరేనా ఆవిడ?" అని మధ్యాహ్నమంతా గొణుక్కుంది. సాయంత్రానికి తేరుకుంది. ఆవిడ చేతికి ఓటమి అలవాటు లేదు. ఆదివారం పకోడీలో మెంతికూర రెండింతలు చేసింది. నూనె బాగా కాగనిచ్చి వేసి, తీశాక పాత పేపరు మీద పరిచి, పైన నిమ్మకాయ పిండింది. "తిను అమ్మడూ. ఇప్పుడేవంటుందో చూద్దాం మీ డాక్టరమ్మ." మిగతా రోజుల్లో రొయ్యలు చింతచిగురుతోనో, టమాటాతోనో కూర వండి గిన్నెడు పంపేది. అవ్వ ఆ గిన్నెను రెండు వేళ్ళతో అందుకుని, నా ముందు పెట్టి, తల అటు తిప్పుకునేది. మంగళవారం మంగళవారం మటన్ కొట్టు నుంచి కార్జం తెచ్చి, మిరియాల పొడి చల్లి తనే వేయించేది. "తిని చూడు, గా పురుగులు మేలా, ఇది మేలా?" పిన్నిగారు గోడ అవతలి నుంచి, "నేను వింటున్నానండోయ్ మామ్మగారూ!" అనేది. నా రక్తం కోసం రెండు జిల్లాలు పోటీ పడ్డాయి.

చాయ్ లేకుండా బతకడం ఎంత నరకమో ఎవరికి చెప్పను? మొదటి మూడు రోజులు తల పగిలిపోయింది. నాకే అట్లా ఉంటే, యాభై ఏళ్ళు తాగిన మనిషి సంగతి చెప్పాలా? అవ్వ తలకు గుడ్డ కట్టుకుని, షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా అలవాటుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడి, తిరిగి వచ్చేది. పొరుగింట్లో చాయ్ మరిగిన వాసన వస్తే కిటికీ మూసేది. నాన్న ప్లాంటు క్యాంటీనులో తాగి, మెట్ల కింద నోరు కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాడు, దొంగలా. నాకు నవ్వాగేది కాదు. అవ్వ మాత్రం ఒక్క గుటక వేయలేదు. నేను ఒకరోజు స్నేహితురాలింట్లో సగం గ్లాసు తాగి వచ్చి, ఆమె ముఖం చూడలేక నేనే చెప్పేశాను. తిట్టలేదు. "గుల్బర్గ పోతవా, చాయ్ తాగుతవా?" అని అడిగి నిమ్మకాయ కోసింది.

ఆరో వారం చివర మూడోసారి వెళ్ళాం. ఈసారి ఉరకలేదు. అవ్వ పక్కనే నడిచాను. డాక్టరమ్మ కాగితాన్ని చాలాసేపు చూసినట్టనిపించింది. తర్వాత ఇంకో కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఆడవచ్చు. సంతకం. ముద్ర!

నేను వేసిన కేకకు కాంపౌండరు లోపలికి తొంగి చూశాడు. కాగితం పట్టుకుని గది నడిమధ్య గెంతాను. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. డాక్టరమ్మ కూడా ఆ రోజు మంచి హుషారులో ఉన్నట్టుంది. "ఇటు రా అవ్వా, ఇంత చేసినదానివి, నీది కూడా చూద్దాం" అని సరదాగా అవ్వ కింది రెప్పను వేలితో లాగింది.

లాగిన వేలు తీయలేదు. రెండో కన్ను కూడా చూసింది. నవ్వు ఆగిపోయింది. నేనూ వంగి చూశాను. నాది ఎన్నడూ అంత తెల్లగా లేదు. సున్నం వేసిన గోడలా ఉంది.

"ఆయాసం వస్తుందా?"

"వయసైంది కదమ్మా."

"ఎంత వయసు? అరవై కూడా లేవు. రక్తం తీస్తా, కూర్చో."

"నాకేం ఆటలున్నయమ్మా?" అంది అవ్వ, నిజంగానే అర్థం కానట్టు. "నాకెందుకు ఖూన్? ఉన్నది సాలు, పోయేదాంక నడుస్తది."

నా చేతిలో కాగితం అట్లాగే ఉంది. మెట్లెక్కుతూ ఆమె మధ్యలో ఎన్నిసార్లు కూలబడేదో, పిండి పిసుకుతూ ఎన్నిసార్లు గోడకు ఆనుకునేదో అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆరు వారాలు ఇల్లంతా నా రెప్పలు లాగి చూసింది. ఆమె రెప్ప ఎవరు చూశారు? సిగ్గేసింది. సిగ్గు వెంటనే కోపమైంది, అది నా స్వభావం.

"నువ్వు మాత్రలు మింగకపోతే నేను గుల్బర్గా పోను. ఈ కాగితం ఇక్కడే చింపేస్తా."

"చింపకే, నీకు మొక్కుత!" అని అవ్వ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఆమె అంకె నా మొదటి అంకె కంటే కింద ఉంది. డాక్టరమ్మ రెండు ఎర్ర గీతలు గీసి, మాత్రలు రాసింది.

గుల్బర్గా వెళ్ళాం. రైల్లో కిటికీ పక్క సీటు నాకే దక్కింది. రెండు ఆటలు గెలిచి, మూడోదానిలో బీదర్ పిల్లల చేతిలో ఒక్క పాయింటుతో ఓడాం. నేను చివరి బ్యాచిలో దిగాను. మిగిలిన ఇద్దరూ ఔటయ్యాక ఒక్కదాన్నే మూడు నిమిషాలు ఉరికాను. వాళ్ళు ఖో ఇస్తూనే ఉన్నారు, నేను తప్పించుకుంటూనే ఉన్నాను. విజిలు పడేదాకా ఎవరి చెయ్యీ నా మీద పడలేదు. ఓడిపోయినందుకు ఏడ్చాను, కానీ ఆ ఏడుపులో కూడా తల తిరగలేదని తెలుస్తూనే ఉంది.

ఇంటికి రాగానే అవ్వ గెలిచావా అని అడగలేదు. "పడ్డవా?" అంది. పడలేదన్నాను. "మాత్ర ఏసుకున్నవా?" అని నేనడిగాను. నిమ్మనీళ్ళతో, అని అమ్మ లోపలి నుంచి సాక్ష్యం చెప్పింది.

ఆ తర్వాత రెండు నెలలు నేనే దగ్గరుండి మింగించాను. కార్జం వేయిస్తే సగం ఆమె పళ్ళెంలో పెట్టేదాన్ని. రొయ్యల కూర మాత్రం ముట్టనంటే ముట్టనంది. బలవంతం చేయలేదు. అన్ని పంతాలూ ఒకేసారి గెలవకూడదు.

చలికాలం మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున ఇద్దరం కూరగాయల సంతకు వెళ్ళి వస్తున్నాం. క్వార్టర్లకు వెళ్ళే ఎత్తు దారిలో చెరో సంచి మోస్తున్నాం. నా చెప్పు తెగితే సరిచేసుకోవడానికి వంగాను. లేచి చూస్తే అవ్వ చాలా దూరం వెళ్ళిపోయింది. ఎక్కడా ఆగలేదు. ఎత్తు చివర నిలబడి నావైపు తిరిగి చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి సంచి చేతిలోనే ఉంది, ఎద మీద అరచెయ్యి ఆనించుకుని, చిన్నపిల్లలా ఆశ్చర్యపోతోంది.

"ఏందే, ఒళ్ళంటే గిట్లుంటదా?" అంది. "పెండ్లయినకాంచి నాకు గిట్ల ఎన్నడు లేకుండె. గా ఆయాసమే నా ఒళ్ళనుకున్న."